బ్రెడ్ మెషీన్ కొనేముందు గిన్నె సంగతి తేల్చుకోండి: గోదావరి జిల్లాల వాళ్లకు జాగ్రత్త

బ్రెడ్ మెషీన్ అంటే పిండి, నీళ్లు, ఈస్ట్ వేస్తే తనే కలిపి, పొంగించి, కాల్చి ఇచ్చే పెట్టె. అది కొందామనుకునేవాళ్లు ధర చూసేముందు ఒక్క మాట కనుక్కోండి. దాని గిన్నె విడిగా దొరుకుతుందా? ఎంతకి? ఎన్ని రోజుల్లో వస్తుంది? అమ్మేవాళ్లు దీనికి సూటిగా జవాబు చెప్పకపోతే సగం ధరకి ఇచ్చినా వద్దండి. ఈ మెషీన్లో మోటారు కన్నా, సర్క్యూట్ బోర్డు కన్నా ముందు పాడయ్యేది గిన్నే. వారంటీ కాగితంలో చాలాసార్లు గిన్నె, పిండి కలిపే తెడ్డు, గిన్నె లోపలి నాన్‌స్టిక్ పూత ఉండవు. సంతకం పెట్టేముందు ఆ వరస చదవండి.

గిన్నె అడుగు మధ్యలో ఒక షాఫ్ట్ (తిరిగే ఇరుసు) ఉంటుంది. తెడ్డు దాని మీద కూర్చుంటుంది. షాఫ్ట్ చుట్టూ నీళ్లు కారకుండా చిన్న సీలు, దాని కింద బేరింగ్. బ్రెడ్డు కాలిన ప్రతిసారీ ఆ సీలు కూడా గంటసేపు కాలుతుంది. కొన్నాళ్లకి గట్టిపడి పగులుతుంది. అప్పుడు నీళ్లూ పిండీ బేరింగ్‌లోకి దిగి తుప్పు పడుతుంది, తిరిగేటప్పుడు కీచుమంటుంది, బ్రెడ్డు అడుగున నల్లటి జిడ్డు మరక పడుతుంది. ఆ మరక కనిపించాక ఆ గిన్నెలో చేసింది పిల్లలకి పెట్టకండి. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఈ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. గిన్నెని మొత్తం నీళ్లలో ముంచి నానబెట్టడం మరో తప్పు. లోపల మాత్రమే వేడినీళ్లు పోసి పావుగంట ఉంచితే తెడ్డు దానంతటదే వదులవుతుంది. కత్తితో పెకలిస్తే పూత లేచిపోతుంది, ఆ తరవాత ప్రతి బ్రెడ్డూ అతుక్కుంటుంది.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. మెషీన్ 12,000 అనుకుందాం. 500 గ్రాముల మైదాకి సుమారు ముప్పావు కిలో బ్రెడ్డు వస్తుంది. మైదా, ఈస్ట్, నూనె, పంచదార, అర యూనిట్ కరెంటు కలిపి 45 రూపాయలు, బేకరీలో అంతే బరువుకి 90 అనుకుంటే ఒక్కోదానికి మిగిలేది 45. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే 267 బ్రెడ్లు చెయ్యాలి. వారానికి రెండు చొప్పున రెండున్నరేళ్ల పైమాటే. ఈలోగా ఒక్క గిన్నె మార్చాల్సి వచ్చినా లెక్క ఇంకా వెనక్కి పోతుంది. మీ ఊరి ధరలు వేసి చూసుకోండి. వారానికి మూడు నాలుగు చేసేవాళ్లకి, ఇంట్లో ఎవరికైనా ఫలానా పదార్థం పడదు కాబట్టి సొంతంగా చేసుకు తీరాల్సినవాళ్లకి మాత్రం ఇది పనికొచ్చే వస్తువే.

ఇక మన ఎండలు. మెషీన్‌లో పొంగే సమయం ముందే బిగించి ఉంటుంది, అది 20, 25 డిగ్రీల వంటింటికి సరిపోయే లెక్క. రోహిణి కార్తెలో మన వంటిల్లు 36 దాటుతుంది. తెడ్డు రాపిడికి పిండి మరికొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. దాంతో పిండి గంటలోపే పొంగిపోయి, కాలడం మొదలయ్యేసరికి లోపలి గోడలు పల్చబడి గాలి నిలవక నడుమ గుంటలా కుంగుతుంది. మెషీన్ పాడైందని చాలామంది అప్పుడే అనుకుంటారు. కాదు. ఎండాకాలంలో 500 గ్రాముల మైదాకి ఫ్రిజ్ నీళ్లు 310 మిల్లీలీటర్లు, ఉప్పు 9 గ్రాములు, పంచదార 20, నూనె 20 వేసి, ఇన్‌స్టంట్ ఈస్ట్ 6 గ్రాములకి బదులు 3 గ్రాములే వెయ్యండి. కలిపినంతసేపూ మూత తెరిచి ఉంచండి. పదో నిమిషంలో చూస్తే పిండి ఒకే ముద్దగా, నున్నగా, అడుగున కొంచెం అంటుకున్నట్టు ఉండాలి. జారుతుంటే చెంచాడు మైదా, పొడిగా ముక్కలవుతుంటే చెంచాడు నీళ్లు. వానాకాలం ఉక్కకి మైదా ముందే తేమ పీల్చుకుని ఉంటుంది, కాబట్టి నీళ్లు 15 మిల్లీలీటర్లు తగ్గించి మొదలుపెట్టండి.

కోనసీమ తీరంలో ఉప్పుబోరు నీళ్లు అసలు వాడొద్దు. ఉప్పు ఎక్కువైతే ఈస్ట్ నీరసపడుతుంది. తాగే టిన్ను నీళ్లు చాలు.

మెషీన్‌తో వచ్చే పుస్తకం మాంసకృత్తులు 12, 13 శాతం ఉన్న పిండికి రాసింది. మన మైదా చాలావరకు 10 దగ్గర ఉంటుంది, అందుకే పుస్తకంలోని నీళ్లు పోస్తే జావైపోతుంది. ప్యాకెట్ వెనక చూసి 11 పైన ఉన్నది కొనండి. పూర్తిగా గోధుమపిండి అయితే తవుడు వల్ల గట్టిగా, పొట్టిగా వస్తుంది. సగం మైదాతో మొదలుపెట్టి నీళ్లు కాస్త పెంచండి. బియ్యప్పిండి, రాగిపిండిలో గ్లూటెన్, అంటే పిండిని సాగదీసి గాలిని పట్టి ఉంచే జిగురు, లేదు. ‘రాగి బ్రెడ్డు కూడా చేస్తుంది’ అని అమ్మేవాళ్లు చెబితే, మైదాలో ఏడో వంతు రాగి కలిపితే వచ్చేదే అనుకోండి. చపాతీ పిండి కలపడానికి ఈ మెషీన్ వాడకండి. ఆ గట్టిపిండికి బెల్టు జారి రబ్బరు కాలిన వాసన వస్తుంది.

కరెంటు విషయం అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాలి. కరెంటు పోయి వస్తే ఆగిన చోటు నుంచి కొనసాగించే మెషీన్లు ఉన్నాయి, కానీ చాలావాటికి ఆ గుర్తు పది పదిహేను నిమిషాలే. కొన్నిటికి అదీ లేదు. ఈదురుగాలికి అరగంట పోయిందంటే పిండి వృథా. ఎన్ని నిమిషాలో కొనేముందే అడగండి. లో ఓల్టేజీ ఇంకో బాధ: 600 వాట్ల హీటర్‌కి 230 బదులు 180 వోల్టులే అందితే 370 వాట్ల వేడే వస్తుంది. పైన తెల్లగా, లోపల పచ్చిగా దిగుతుంది. చౌక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపకండి, మోటారు గీపెడుతుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే మెషీన్ 120 వోల్టులది. నేరుగా గుచ్చితే అదే రోజు పోతుంది. ఓల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 1,000 వీఏ పైనది పెట్టినా, అక్కడి 60 హెర్ట్జ్‌కి చేసిన మోటారు మన 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరిగి, ఎక్కువ వేడెక్కుతుంది. సామాన్లలో చోటు దండగ, తేవొద్దని చెప్పండి. కువైట్, దుబాయ్‌ల నుంచి వచ్చేవాటికి ఓల్టేజీ సరిపోతుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు, కానీ ఆ మోడల్ గిన్నె ఇక్కడ దొరకకపోతే దానిదీ అదే గతి.

సెకండ్ హ్యాండ్‌దైతే గిన్నెలో గ్లాసుడు నీళ్లు పోసి న్యూస్‌పేపర్ మీద అరగంట పెట్టండి. కాగితం తడిస్తే వెనక్కి ఇచ్చెయ్యండి. కొత్తదైతే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి, రిటర్న్ గడువు లోపలే కనీసం మూడుసార్లు చేసి చూడండి. బిల్లు, సీరియల్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉన్న అట్టపెట్టె దాచుకోండి. సర్వీసు రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉందా, విజయవాడ దాకా మొయ్యాలా, రాతలో తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఇది 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల్లో ఉంది. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. అప్పటికీ తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు.