4కె రీరిలీజ్ అనగానే టికెట్లు కొనకండి, ముందు ట్రైలర్‌ను టీవీలో చూడండి

మొన్న ఆదివారం మా నాన్నను తీసుకుని, ఆయన కుర్రతనంలో పదిసార్లు చూసిన సినిమాకు వెళ్లాం. పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో 4కె, 5.1 సౌండ్ (చుట్టూ వినిపించే ధ్వని) అని ఉంది. నలుగురికీ ఆన్‌లైన్ ఛార్జీలతో కలిపి 980 రూపాయలయింది. డబ్బు పోతే పోయింది. ఇంటర్వెల్ కాకముందే నాన్న "కళ్లు లాగేస్తున్నాయిరా, పోదాం పద" అన్నారు. అదే నాకు బాధ.

తెర మీద వేసింది 4కె కాదు, ఏదో పాత టీవీ కాపీని సాగదీసి పెట్టారు. ఎలా తెలిసిందంటే, కుడివైపు పైమూలన ఒక చిన్న చదరం మొదటి నుంచీ మసగ్గా ఉంది. ఛానెల్ లోగోను చెరిపిన చోటు అది. పాటలో కెమెరా ఎటు తిరిగినా ఆ మసక అక్కడే ఉండిపోయింది. హీరోయిన్ పట్టుచీర జరీ అంచు ముద్దగా అలుక్కుపోయింది. క్లోజప్‌లో ముఖాలు మైనం పూసినట్టున్నాయి, వెనక నిలబడ్డ జనానికైతే కళ్లూ ముక్కూ లేవు.

అలాంటి పాత కాపీల్లో డీవీడీ బొమ్మకైనా అడ్డంగా ఉండేది 720 చుక్కలే (పిక్సెళ్లు). హాల్లో వేసే 4కెకు 4096. లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, ముఖాలు అందుకే అలా అవుతాయి. అసలైన 4కె కావాలంటే 35 ఎంఎం నెగెటివ్‌నో (షూటింగ్‌లో వాడిన అసలు ఫిల్మ్), మంచి ప్రింట్‌నో శుభ్రం చేసి ఒక్కో ఫ్రేమూ స్కాన్ చేయాలి. సెకనుకు 24 చొప్పున రెండున్నర గంటల సినిమాకు 2,16,000 ఫ్రేములు. నెగెటివ్ పాడైపోయిన సినిమాలు మనకు చాలానే ఉన్నాయి. ఉన్న కాపీతోనే వేస్తున్నాం అని చెప్పినా నాలాంటివాళ్లం వెళ్తాం. దాని మీద 4కె అని రాయడమే మోసం.

ట్రైలర్ నేను ఫోన్‌లో చూశాను. అంత చిన్న తెర మీద ఏదైనా బాగానే కనిపిస్తుంది. మీరు టీవీలో పెట్టి, క్వాలిటీ పూర్తిగా పెంచి, జనం ఉన్న సీన్ దగ్గర ఆపండి. జుట్టు, చీర అంచు, చెట్ల ఆకులు విడివిడిగా కనిపించాలి. ఫిల్మ్ నుంచి స్కాన్ చేసిన బొమ్మలో సన్నటి ఇసుకలాంటి గ్రెయిన్ కదులుతుంటుంది, అది లోపం కాదు. గ్రెయిన్ అసలు లేకుండా ముఖాలు నున్నగా ఉంటేనే అనుమానించాలి.

బాగా పాత సినిమాలైతే ఫ్రేమ్ ఆకారం కూడా చూడండి. తెలుగులో తొలి సినిమాస్కోప్ (బాగా వెడల్పైన బొమ్మ) సినిమా 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. అంతకుముందు బొమ్మ దాదాపు చదరంగా ఉండేది. దాన్ని వెడల్పు తెర నిండా పరిచారంటే పైనా కిందా కోసేసినట్టు, లేదా పక్కలకు లాగినట్టు. సౌండ్ సంగతి ట్రైలర్‌లో తేలదు, మొదటి ఆట చూసినవాళ్లను అడగాల్సిందే.

హాలు మేనేజర్‌ను అడిగితే "మాది 2కె ప్రొజెక్టర్ సార్, అందుకే" అన్నారు. ఆ మాట నమ్మకండి. మన హాళ్లలో చాలావాటికి ఉన్నవి 2కె, అంటే అడ్డంగా 2048 చుక్కల ప్రొజెక్టర్లే, మంచి స్కాన్ వాటి మీద కూడా చక్కగా కనిపిస్తుంది.

టికెట్లు, పోస్టర్ ఫోటో దాచిపెట్టి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఇంకా జవాబు రాలేదు.