డిష్ బాగుంది, దాని కింది దిమ్మ ఇంకా బాగుంది: బాపట్ల గాలిలో మా ఫ్రీ డిష్

దూరదర్శన్ వాళ్ల ఉచిత టీవీ సేవ డీడీ ఫ్రీ డిష్‌లో ఏ ఛానెళ్లు వస్తాయి, బాక్సు ఎంత, నెలనెలా డబ్బు కట్టాలా వద్దా అన్నవి అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. మా డాబా మీద ఇది కొన్నేళ్లుగా పనిచేస్తోంది. ఇన్నాళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది డిష్ కింది కాంక్రీటు దిమ్మ. డిష్‌లు ఎవరివైనా దాదాపు ఒకటే. అది దేని మీద కూర్చుంది, ఎక్కడ కూర్చుంది అన్నదే ముఖ్యమని మిచౌంగ్ తుఫానప్పుడు కళ్లారా చూశాను.

మాది బాపట్ల దగ్గర పల్లె. ఫ్రీ డిష్‌కు ముందు మా ఇంట్లో ఒక ప్రైవేటు కంపెనీ డిష్ ఉండేది. బిగించడానికి వచ్చిన కుర్రాడు హడావిడిగా పైకెళ్లి, శ్లాబుకి నాలుగు కన్నాలు వేసి, మూడింట్లో బోల్టులు బిగించి, నాలుగోది అలాగే వదిలేసి దిగిపోయాడు. ఆ వానాకాలమే హాల్లో ఫ్యాను పక్కన తడి మచ్చ కనిపించింది. మరుసటేటికి లోపలి చువ్వ తుప్పు పట్టి సీలింగు పెచ్చు ఊడి కింద పడింది. కంపెనీకి ఫోన్ చేస్తే, "అది సివిల్ వర్క్ అండీ, మాకు సంబంధం లేదు" అన్నారు. కన్నం వేసింది వాళ్లు, సంబంధం లేనిదీ వాళ్లకే. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఆ లీకు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీయే దిమ్మ సంగతి చెప్పాడు. "ఈసారి డిష్ పెట్టేటప్పుడు నన్ను పిలవండి సార్, శ్లాబుకి ఒక్క కన్నం కూడా లేకుండా కూర్చోబెడతా" అన్నాడు. అలాగే చేశాడు. అడుగున్నర చదరం, ఎనిమిది అంగుళాల మందం, మధ్యలో జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు. బరువు దగ్గర దగ్గర వంద కేజీలు. ఒకచోట పోసి పైకి మోయడం కుదరదు కాబట్టి డాబా మీదే పోశాడు. పైపు అడుగున ఒక చువ్వ ముక్కను అడ్డంగా వెల్డింగ్ చేయించాడు. అది లేకపోతే గాలికి పైపు కాంక్రీటులోనే తిరిగిపోతుందట. దిమ్మ కింద పాత లారీ ట్యూబు ముక్కలు పరిచాడు. తర్వాత వారం రోజులు గోనె సంచులు కప్పి తడిపాం. డిష్ బిగించే అతను ఈలోపే రెండుసార్లు ఫోన్ చేశాడు కానీ, దిమ్మ గట్టిపడేదాకా రావద్దన్నాను.

పైపు నిలువుగా ఉండాలన్న పట్టుదల మేస్త్రీదే. కాంక్రీటు పచ్చిగా ఉండగానే రెండు వైపుల నుంచీ తూకం గుండు పెట్టి చూశాడు. ఎందుకంత పట్టింపు అనుకున్నాను గానీ, డిష్ తిప్పేటప్పుడు తెలిసింది. పైపు కొంచెం ఒరిగినా, డిష్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా దాని ఎత్తు కోణం కూడా మారిపోతుంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. మాకు సిగ్నల్ చాలా త్వరగా దొరికింది.

చోటు ఎంచుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది, అది దండగ కాలేదు. వంద కేజీల బరువు అడుగున్నర జాగాలో పడుతుంది కాబట్టి పిల్లరు మీదికి రావాలి. మా డాబా మీద పై అంతస్తు కోసం వదిలిన పిల్లరు చువ్వలు ఉన్నాయి కనుక పిల్లరు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. ఊళ్లో చాలామంది ఆ చువ్వలకే డిష్‌ను కట్టేస్తారు. చువ్వ ఊగితే డిష్ ఊగుతుంది, బొమ్మ ఆగుతుంది. ఇంకో మాట, ఫోన్‌లోని దిక్సూచిని ఆ చువ్వల పక్కన పెట్టి దిక్కు చూడకండి. ఇనుము పక్కన అది తప్పు చూపిస్తుంది.

ఆ తర్వాత కరెంటు తీగ. మా ఇంటికి పడమట వీధి వెంట 11 కేవీ లైను పోతుంది. పైపు, డిష్ కలిపి ఏ వైపు ఒరిగి పడినా, చేతిలోంచి జారినా, తీగ దరిదాపులకు కూడా పోకూడదు. దీని విషయంలో "ఏం కాదులే" అనే మనిషి చేత పని చేయించుకోవద్దు. ఆ లైను మీద ప్లాస్టిక్ తొడుగు ఉండదు, తగలకపోయినా దగ్గరకొస్తే చాలు ప్రాణం తీస్తుంది. మేం పడమటి వైపు వదిలేసి తూర్పు పిల్లరు తీసుకున్నాం. అక్కడా పిట్టగోడకు ఆనుకోకుండా, డిష్ చుట్టూ మనిషి నిలబడి తిరిగేంత జాగా ఉండేలా చూశాం. రేపు రిపేరుకి వచ్చినవాడు పిట్టగోడ ఎక్కి నిలబడే అవసరం రాకూడదు.

ఇక చెట్లు. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. బాపట్ల నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, ఆకాశంలో సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తికి దగ్గరే. అందువల్ల ఐదు మీటర్ల దూరంలో ఉన్న కొబ్బరిచెట్టు డిష్ కంటే 11 మీటర్లు ఎత్తు పెరిగితే తప్ప అడ్డం రాదు. లెక్కలు వద్దనుకునేవారికి సూర్యుడే చెబుతాడు. మార్చి రెండో వారంలో, మళ్లీ సెప్టెంబరు ఆఖరులో, పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ సమయంలో మీరు అనుకున్న చోట ఎండ పడితే ఉపగ్రహానికీ ఆ చోటుకీ మధ్య అడ్డు లేనట్టే. నీడ పడితే వేరే చోటు చూసుకోవాలి. మేం మార్చిలోనే పోశాం కాబట్టి ఈ పద్ధతి మాకు బాగా కలిసొచ్చింది. ఆ రోజుల్లోనే ఆ వేళకు బొమ్మ కొద్ది నిమిషాలు పోతుంది కూడా. అది సూర్యుడి రేడియో తరంగాల వల్ల వచ్చే అంతరాయం, డిష్ లోపం కాదు, ఎవరినీ పిలవక్కర్లేదు.

బిగించడం అయ్యాక మేస్త్రీ కొడుకు పైపు మీద, క్లాంపు మీద కలిసేలా ఎర్ర ఎనామిల్ పెయింటుతో ఒక గీత గీశాడు. డిష్ కదిలిందో లేదో గీత చూస్తే తెలుస్తుందన్నాడు. అప్పట్లో దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110 దాకా గాలులని వాతావరణ శాఖ చెప్పింది. ముందు రాత్రి నుంచే కరెంటు లేదు. ఎదురింటి పశువుల పాక రేకులు లేచిపోయిన చప్పుడు మా గదిలోకి వినిపించింది. నా టెన్షన్ అంతా డిష్ మీదే. టీవీ పోతుందని కాదు, వంద కేజీల దిమ్మ బోల్తా కొట్టి డిష్ వీధిలోకి ఎగిరితే ఎవరి మీద పడుతుందో అని. పైకెళ్లి చూద్దామని తలుపు దాకా వెళ్తే, అమ్మ చెయ్యి పట్టుకుని, "గాలి తగ్గేదాకా మెట్లెక్కావంటే ఊరుకోను నాయనా" అంది. ఆమె చెప్పిందే సరైనది, ఆ గాలిలో డాబా మీద చేయగలిగింది ఏమీ లేదు.

మర్నాడు పైకెళ్తే డాబా నిండా కొబ్బరి మట్టలు, ఎక్కడివో పెంకు ముక్కలు. ఒక మట్ట డిష్ వెనక కడ్డీకి ఆనుకుని ఉంది. ఎర్ర గీత మాత్రం గీసినప్పుడు ఎలా ఉందో అలాగే కలిసి ఉంది. పక్కింటివాళ్ల డిష్ నాలుగంగుళాల పిట్టగోడకు బోల్టులతో బిగించి ఉండేది. అది ఇటుకలతో సహా ఊడి, కేబుల్‌కు వేలాడుతోంది. కింద ఎవరూ లేకపోవడం అదృష్టం. కరెంటు వచ్చాక బాక్సు ఆన్ చేశాను. ఏమీ ముట్టుకోకుండానే బొమ్మ వచ్చింది. రెండడుగుల డిష్ ఒకటి రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా సిగ్నల్ దెబ్బతింటుంది. సప్తగిరిలో వార్తలు వస్తుంటే అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

అయితే ఈ దిమ్మ ఎంత గాలికైనా ఆగుతుందని చెప్పను. 110 కిలోమీటర్ల గాలి అరవై సెంటీమీటర్ల డిష్‌ను తోసే బలం సుమారు ఇరవై కేజీలు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. 2014లో విశాఖలో హుద్‌హుద్ నాటి గాలి వస్తే ఆ తోపు యాభై కేజీలు దాటుతుంది, మా దిమ్మ తిరగబడుతుంది. విశాఖ, శ్రీకాకుళం వైపువాళ్లు దిమ్మను ఇంకా వెడల్పుగా పోయించుకోవాలి, పైపును వీలైనంత పొట్టిగా ఉంచాలి.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఉప్పుగాలికి క్లాంపు బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ మార్చినప్పుడు రెండు కోయాల్సి వచ్చింది, వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. దిమ్మ పక్కన ఆకులు చేరి నీళ్లు తూము దాకా పోకుండా ఆగుతున్నాయి, వానాకాలంలో ఊడ్చే పని పెరిగింది. కుండపోత వానలో బొమ్మ పోవడం మామూలే, దాన్ని దిమ్మ ఆపలేదు. పిడుగుల విషయంలో పైపుకు రాగితీగ వేసి ఇంటి ఎర్తింగ్‌కు కలిపించాను కానీ, నేరుగా పిడుగు పడితే అది కాపాడదు. విపత్తుల సంస్థ నుంచి ఫోన్‌కు పిడుగు హెచ్చరిక రాగానే, ఉరుములు మొదలయ్యేలోపే, బాక్సు ప్లగ్గూ కేబులూ రెండూ తీసేస్తాం. కేబుల్ మళ్లీ పెట్టేటప్పుడు కూడా ప్లగ్గు తీసి ఉండాలి, ఆ తీగలోనే ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్తుంది.

ఇదంతా సొంత ఇల్లు, చేతికందే మేస్త్రీ, కింద పిల్లరు ఉన్న నా మాట. అద్దె ఇంట్లో ఉంటే యజమాని దిమ్మకు ఒప్పుకోకపోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోలేరు కూడా. మేమైనా పై అంతస్తు వేస్తే దీన్ని పగలగొట్టాల్సిందే. అప్పుడు కూడా కొత్త డాబా మీద ముందు దిమ్మే పోయిస్తాను, డిష్ ఏ కంపెనీదన్నది తర్వాత చూసుకుంటాను.