సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు జాగ్రత్త: ఆర్‌సీ క్లీన్‌గా ఉన్నా దొంగబండి అని రోడ్డు మీద ఆపేస్తున్నారు

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది ఒక్కసారి చదవండి, కొంచెం పెద్దగానే ఉంది, కానీ పూర్తిగా చదవండి. ఒరిజినల్ ఆర్‌సీ చూశాం, ఇన్సూరెన్స్ ఉంది, చలాన్లు లేవు, లోన్ క్లియర్ అయింది, ఇంకేం కావాలి అనుకుంటాం కదా. నేను ఇవన్నీ చూసే కొన్నా, మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి మరీ చూపించా, ఆర్‌సీ నా పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ కూడా అయిపోయింది. అయినా సరే ఫ్యామిలీతో వెళ్తుంటే పోలీసులు ఆపి దొంగబండి అంటూ సోదా చేశారు, అదీ ఒక్కసారితో పోలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. ఈ కారు నాకంటే ముందున్న ఓనర్ దగ్గర ఒకసారి దొంగతనం అయింది, ఆయన కంప్లైంట్ ఇచ్చాడు, ఎఫ్‌ఐఆర్ అయింది, కొన్నాళ్లకి బండి దొరికింది, కోర్టు ద్వారా ఆయన వెనక్కి తెచ్చుకున్నాడు, ఆ తర్వాత కన్సల్టెన్సీకి, అంటే పాత కార్లు కొని అమ్మే షాపుకి అమ్మేశాడు. బండి అయితే దొరికింది గానీ పోలీసుల దొంగబండ్ల లిస్టులోంచి ఈ నంబర్ ఎవరూ తీయలేదు. ఆర్‌టీఓ రికార్డులో ఏమీ లేదు, పోలీసు రికార్డులో మాత్రం ఇంకా దొంగబండే. కన్సల్టెన్సీ వాళ్లకి ఇదంతా తెలుసు, ఆయన కాగితాలన్నీ వాళ్లకే ఇచ్చాడు, నాకు మాత్రం సింగిల్ ఓనర్ సార్, ఒక్క గీత లేదు అని చెప్పి అమ్మారు.

ఆ రాత్రి జరిగింది చెప్తా. బారికేడ్లు పెట్టి చెకింగ్ చేస్తున్నారు, ముందున్న బండ్లు ఒక్కొక్కటీ వదిలేస్తున్నారు, మా నంబర్ ట్యాబ్‌లో కొట్టగానే ఆ కానిస్టేబుల్ ఎస్‌ఐని పిలిచాడు, నిమిషంలో అందరూ చుట్టూ చేరారు. దిగు, తాళం ఇటివ్వు అన్నారు. ఎందుకో చెప్పలేదు. సార్ ఏమైంది అని అడిగితే 'నీకే తెలియాలి' అన్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పెద్దావిడ సార్, లోపలే కూర్చోనివ్వండి అని బతిమాలినా ఒప్పుకోలేదు, ఆ రోడ్డు పక్కనే నిలబెట్టారు. డిక్కీలో బ్యాగులన్నీ కింద పెట్టి విప్పారు, బట్టలన్నీ మట్టిపాలు, వెనక సీటు ఎత్తారు, డోర్ ప్యాడ్ లాగితే క్లిప్పులు విరిగిపోయాయి. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఒక మగ కానిస్టేబుల్ తీసుకుని లోపలున్నవన్నీ బానెట్ మీద కుమ్మరించాడు, అంతమందిలో ఒక్క లేడీ కానిస్టేబుల్ కూడా లేదు, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, అది మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోలేను. తర్వాత నా ఫోన్ లాక్ తీయమన్నారు, వాట్సాప్ చూడాలంట. బండి దొంగతనానికి వాట్సాప్‌కి ఏంటి సార్ సంబంధం అంటే 'దాచడానికేం లేకపోతే భయమెందుకు' అన్నారు.

ఏమీ దొరకలేదు, దొరకడానికి ఏముంది కనుక. అయినా స్టేషన్‌కి పట్టుకెళ్లారు. డిజిలాకర్‌లో ఆర్‌సీ నా పేరు మీద చూపిస్తే ఇవన్నీ ఫేక్ చేస్తారులే అన్నారు, ఛాసిస్ నంబర్ చూసుకున్నారు, ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు, పాప ఆ బెంచీ మీదే నిద్రపోయింది. చివరికి బాగా పొద్దుపోయాక 'ఇది రికవరీ అయిన బండేనంట, వెళ్లండి' అని తాళం ఇచ్చారు. ఒక్క కాగితం రాసివ్వలేదు. అందుకే మళ్లీ వేరే ఊరి దగ్గర వేరే చెకింగ్‌లో అదే కథ మొదటి నుంచి నడిచింది, మొన్నే చెక్ చేసి వదిలేశారు సార్ అంటే కాగితమేది అన్నారు.

నేను పోలీసులు బండి ఆపడమే తప్పు అనట్లేదు. లిస్టులో నంబర్ వస్తే ఆపాలి, రేపు నా బండే పోతే అలా ఆపేవాళ్లుంటేనే దొరుకుతుంది. కానీ ఆపడానికి, మనిషిని దొంగలా చూడటానికి మధ్య చాలా తేడా ఉంది, చట్టం కూడా ఆ తేడా చూపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్స్ చూపించాలి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లాంటివి కూడా చూపించాలి, అందులో డౌట్ లేదు. అవి ఫోన్‌లో డిజిలాకర్ యాప్ గానీ ఎంపరివాహన్ యాప్ గానీ తీసి చూపించినా చెల్లుతాయి, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 139 అదే చెప్తుంది, కాగితమే కావాలి అని పట్టుబట్టడానికి లేదు. ఫోన్ లాక్ తీసి చాట్లు చూపించమనే అధికారం మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పారు.

సోదా సంగతికి వస్తే, పోలీసులు అరెస్టులు, సోదాలు ఎలా చెయ్యాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 2024 జులై 1 నుంచి పోయి, దాని స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది కదా, అందులో సెక్షన్ 105 అని ఉంది, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. సోదా చేసేటప్పుడు, ఏదైనా స్వాధీనం చేసుకునేటప్పుడు, ఆ లిస్టు రాసి సాక్షులతో సంతకాలు పెట్టించేటప్పుడు, మొత్తం ఆడియో వీడియో రికార్డ్ చెయ్యాలి, మొబైల్‌తో చేసినా సరిపోతుంది, ఆ రికార్డింగ్ ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. మా దగ్గర అలాంటిదేమీ చేయలేదు. దొంగబండి అని అనుమానం ఉంటే సెక్షన్ 106 కింద బండి స్వాధీనం చేసుకోవచ్చు, అది వాళ్ల అధికారం, కానీ అలా చేస్తే కాగితం మీద ఉండాలి. ఆడవాళ్లని ఒంటి మీద తనిఖీ చెయ్యాలంటే ఆడ పోలీసే చెయ్యాలి, మర్యాదగా చెయ్యాలి. ఇవన్నీ అడిగితే ఎదురు మాట్లాడుతున్నావా అంటారు, నాకు తెలుసు, అందుకే గొంతు పెంచకుండా 'సార్ ఎందుకు ఆపారో చెప్పండి, వీడియో తీయించండి, జీడీలో ఎంట్రీ వేయించండి' అని ఈ మూడే అడగండి, జీడీ అంటే స్టేషన్‌లో రోజూ రాసే జనరల్ డైరీ. మీ మాట వాళ్లు విన్నా వినకపోయినా, అడిగినట్టు పక్కవాళ్లకి తెలియాలి.

ఇప్పుడు కొనేవాళ్లకి ముఖ్యమైన పాయింట్. రవాణా శాఖ వాహన్ సైట్‌లో ఆర్‌సీ స్టేటస్ చూస్తే సరిపోదు. అక్కడ బ్లాక్‌లిస్ట్ అని రావాలంటే పోలీసులు ఆర్‌టీఓకి చెప్పి ఉండాలి, మా కేసులో చెప్పలేదు, అందుకే ట్రాన్స్‌ఫర్ కూడా ఏ అడ్డూ లేకుండా అయిపోయింది. వేరే రాష్ట్రానికి బండి మార్చేటప్పుడు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే సర్టిఫికెట్) ఇవ్వాలంటే మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 48 ప్రకారం ఆర్‌టీఓ పోలీసుల దగ్గర దొంగతనం కేసు ఏమీ లేదని రాతపూర్వకంగా రిపోర్ట్ తీసుకోవాలి. ఒకే రాష్ట్రంలో పేరు మారేటప్పుడు మా వరకు ఆ చెక్ జరగలేదు, మన బండి సరిగ్గా ఆ సందులోంచి జారిపోయింది. కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్లది వాహన్ సమన్వయ్ అని ఒక ఆన్‌లైన్ సర్వీస్ ఉంది, దేశంలో పోలీసు స్టేషన్ల నుంచి వచ్చే దొంగబండ్ల, దొరికిన బండ్ల వివరాలు అందులో ఉంటాయి, రిజిస్ట్రేషన్ నంబర్, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు, డబ్బు ఇచ్చే ముందు ఆ రిపోర్ట్ తీసి ప్రింట్ పెట్టుకోండి. నంబర్లు కన్సల్టెన్సీ వాడు వాట్సాప్‌లో పంపినవి కొట్టకండి, బానెట్ ఎత్తి బండి మీద చెక్కినవి మీ కళ్లతో చూసి కొట్టండి. ఛాసిస్ నంబర్ 17 అక్షరాలుంటుంది, అందులో ఇంగ్లీష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, అవి కనిపించాయంటే మీరు సున్నానో ఒకటినో తప్పుగా చదివారు లేదా ఎవరో గెలికారు.

నంబర్ ప్లేట్ కూడా చూడండి. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త బండ్లన్నిటికీ హైసెక్యూరిటీ ప్లేటే ఉండాలి, హోలోగ్రామ్, లేజర్ నంబర్, తీస్తే మళ్లీ వాడలేని లాక్ ఉంటాయి, లోపల విండ్‌షీల్డ్ మీద స్టిక్కర్ ఉంటుంది, పెట్రోల్‌కి లేత నీలం, డీజిల్‌కి నారింజ. డీజిల్ బండికి నీలం స్టిక్కర్ ఉందంటే అక్కడే ఆగిపోండి.

ఇంకోటి, ఇది నాకు లాయర్ చెప్పేదాకా తెలియదు, మీలో కూడా చాలామందికి తెలిసుండదు. దొంగతనం అయి దొరికిన బండిని కోర్టు ఓనర్‌కి ఇచ్చేది చాలావరకు ఇంటరిమ్ కస్టడీ మీద, అంటే కేసు తేలేదాకా తాత్కాలికంగా. బండ్లు స్టేషన్లలో పడి తుప్పు పట్టకూడదు, ఫోటోలు తీసి బాండ్ రాయించుకుని త్వరగా ఇచ్చేయండి అని సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే చెప్పింది. మంచిదే, కానీ ఆ బాండ్‌లో సాధారణంగా అడిగినప్పుడు బండి హాజరుపరచాలి, కోర్టు పర్మిషన్ లేకుండా అమ్మకూడదు, రంగు రూపం మార్చకూడదు అని కండిషన్లు ఉంటాయి. అంటే కేసు నడుస్తుండగా అలాంటి బండి కొన్నవాడు రేపు కోర్టు పిలిస్తే ఆ గొడవలో తనూ ఇరుక్కుంటాడు. మా బండి కేసు అదృష్టం కొద్దీ అప్పటికే ముగిసిపోయింది, లేకపోతే ఇంకా ఎంత తిరగాల్సి వచ్చేదో. అందుకే అమ్మేవాణ్ని సూటిగా అడగండి, ఈ బండి మీద ఎప్పుడైనా దొంగతనం, యాక్సిడెంట్, గంజాయి, లిక్కర్ ఏ కేసైనా ఉందా అని, లేదు అంటే ఆ మాట సేల్ అగ్రిమెంట్‌లో రాయించి సంతకం పెట్టించండి. సంతకం అనగానే వెనకాడితే ఆ బండి వదిలేయండి, ఎంత బాగున్నా సరే.

నా గోల ఎలా తేలిందంటే, పాత ఓనర్ నంబర్ ఎలాగో సంపాదించి ఫోన్ చేశా, పాపం ఆయన మంచివాడు, 'అయ్యో నేను అన్నీ వాళ్లకి చెప్పే అమ్మాను కదా బాబూ' అని కోర్టు ఆర్డర్ కాపీ, ఎఫ్‌ఐఆర్ కాపీ రెండూ పంపాడు. అవి పెట్టి ఎఫ్‌ఐఆర్ అయిన స్టేషన్‌లో రాతపూర్వకంగా అప్లికేషన్ ఇచ్చా, రికవరీ అయినట్టు అప్‌డేట్ చేసి లిస్టులోంచి తీయమని, రసీదు తీసుకున్నా. నోటిమాటగా అడిగినప్పుడల్లా చూద్దాం అన్నారు, రసీదు ఉన్న అప్లికేషన్ కాపీ ఎస్పీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపాక కదిలింది. మీకు ఇలా జరిగితే మొదటిరోజే కాగితం మీద పెట్టండి. స్టేషన్‌లో కూర్చోబెట్టిన విషయం మీద ఫిర్యాదు చెయ్యాలనుకుంటే సీసీటీవీ ఫుటేజ్ భద్రపరచమని కూడా వెంటనే రాయండి, స్టేషన్లలో కెమెరాలు ఉండాలి, ఫుటేజ్ కనీసం ఏడాదైనా దాచాలి అని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేను ఆ హ్యాండ్‌బ్యాగ్ విషయం, ఫోన్ విషయం రెండూ రాసి ఫిర్యాదు ఇచ్చా, ఇంకా జవాబు రాలేదు, వదలను.

కన్సల్టెన్సీ వాళ్లయితే ఫోన్ ఎత్తడం మానేశారు. షాపుకి వెళ్తే 'ట్రాన్స్‌ఫర్ అయిపోయింది కదా అన్నా, ఇంక మాకేం సంబంధం' అన్నారు. సంబంధం ఉంది. తెలిసి దాచి అమ్మడం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందకి వస్తుందని లాయర్ అన్నారు, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు వెయ్యాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకున్నా, తర్వాత లీగల్ నోటీస్ పంపా, ఇప్పుడు కమిషన్‌లో కేసు వేస్తున్నా. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్‌టీఓ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, ఓనర్ బండి అప్పగించగానే ఫారం 29సీతో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి అనే రూల్ కూడా ఉంది, మీరు కొనేచోట ఆ ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి, చాలామంది దగ్గర లేదు.

కొన్నాక ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి, పాత ఓనర్ ఫాస్టాగ్ తీసేసి కొత్తది వేయించుకోండి, లేకపోతే మీరు తిరిగిన టోల్ గేట్లన్నీ ఆయన పేరు మీద పడతాయి, రేపు ఎక్కడున్నావు అని అడిగితే చూపించుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఎవరైనా ఇప్పుడే బండి ఫైనల్ చేసుకుని ఉంటే ఇవాళే ఆ ఛాసిస్ నంబర్ చెక్ చేసుకోండి. ఆల్రెడీ కొనేసి పోలీసులు మళ్లీ మళ్లీ ఆపుతుంటే, ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లో అయిందో ముందు అది కనుక్కోండి, ఆపిన స్టేషన్ చుట్టూ తిరిగితే పని అవ్వదు, లిస్టులోంచి నంబర్ తీయించాల్సింది ఎఫ్‌ఐఆర్ అయిన చోటే.