ఫోన్ చేయాలా, వీడియో పంపాలా?

ముందు వెళ్తున్న కారు అటూ ఇటూ ఊగుతోంది, డ్రైవర్ తాగినట్టే ఉన్నాడు. అలాంటప్పుడు పోలీసులకు ఫోనే చేయాలి. నడిపేవాళ్లు కాదు, పక్కనున్నవాళ్లు, లేదా బండి ఆపుకుని. నంబరు, రంగు, ఏ వైపు వెళ్తోందో చెబితే చాలు. గస్తీ బండి దగ్గర్లో ఉంటే ఆపి పరీక్ష చేస్తారు. ఆ కారు దొరక్కపోతే, మన నోటి మాట ఒక్కదానిమీద కేసు నిలబడటం కష్టం.

వీడియో దారి నిదానం, కానీ పట్టు గట్టిది. బ్రిటన్ సంగతే చూడండి. వేల్స్‌లో మొదలైన ఆపరేషన్ స్నాప్ అనే పోలీసు పథకం కింద డాష్‌క్యామ్ (బండిలో పెట్టుకునే కెమెరా) వీడియోతో పాటు వాంగ్మూలం కూడా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. పోలీసులు చూసి, తప్పుందనుకుంటే సాధారణంగా ఆ తప్పు జరిగిన 14 రోజుల్లోగా బండి యజమానికి నోటీసు చేరాలి. నడిపింది ఎవరో ఆయన చెప్పి తీరాలి. అందుకే ఆలస్యంగా పంపితే వృథా కావచ్చు. ఆ తర్వాత హెచ్చరిక లేఖ, శిక్షణ తరగతి, జరిమానా, కోర్టు... తప్పు తీవ్రతను బట్టి ఉంటుంది.

వీడియోను కత్తిరించకండి. సైకిల్‌కు జానెడు దూరంలో లారీ దూసుకెళ్లిన ఆ రెండు సెకన్లే పంపితే, అంతకుముందు ఏం జరిగిందన్న ప్రశ్న వస్తుంది. మన డ్రైవింగూ అందులో కనిపిస్తుంది, కనిపించనివ్వండి. కోర్టుకు వెళ్తే సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు, దానికీ సిద్ధపడాలి.

నా మటుకు ప్రాణం మీదికొచ్చేలా ఉంటే ఫోన్, జరిగిపోయిన తప్పుకు వీడియో. ఫిర్యాదు ఏమైందో చాలాసార్లు మనకు చెప్పరు. అది నిజంగా బాధే, అయినా పంపడం మానకండి.