ఆరేళ్లు, పదకొండు బొంతలు, మూడు కుట్టుమిషన్ ఫుట్‌లు

మొదటి బొంత అమ్మ పాత నేత చీరలతో కుట్టాను. మూడు చీరలు, ఒక్కోదాన్ని సగానికి మడిస్తే మొత్తం ఆరు పొరలు. కుట్టుమిషన్‌తో పాటు వచ్చిన మామూలు ఫుట్‌తోనే, అంటే సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టే పాదంతోనే, ఈ చివరి నుంచి ఆ చివరికి లాగించేశాను. చివరికి వచ్చేసరికి కింది పొర అయిపోయింది, పై పొర ఇంకా రెండంగుళాలు మిగిలింది. మధ్యలో ఎక్కడ చూసినా ముడతలే. అమ్మ వచ్చి చూసి, "చేత్తో కుట్టుంటే ఈపాటికి సగం అయిపోయేది కదే" అని వెళ్లిపోయింది.

తప్పంతా నా చేతిదే అనుకున్నాను. అసలు సంగతి తర్వాత అర్థమైంది. మిషన్‌లో గుడ్డను ముందుకు నడిపేవి కింద ఉన్న పళ్లు మాత్రమే. పైన ఫుట్ చేసేది నొక్కి పట్టుకోవడమే. జాకెట్టు కుట్టేటప్పుడు రెండు పొరలే కాబట్టి తేడా కనబడదు. బొంత దగ్గర అలా కుదరదు. కింది పొర పళ్లతో పాటు వెళ్లిపోతుంది, పైది ఫుట్ కింద రాసుకుంటూ వెనకబడుతుంది. ప్రతి కుట్టుకీ వెంట్రుకవాసి వెనకబడినా, మంచం పొడవు వచ్చేసరికి అది రెండంగుళాలవుతుంది.

అందుకే వాకింగ్ ఫుట్ కొన్నాను. దీనికి అడుగున సొంత పళ్లు ఉంటాయి. పక్కన ఒక కొక్కెం లాంటి చెయ్యి ఉంటుంది, అది సూది బిగించే స్క్రూ మీద కూర్చోవాలి. సూది లేచినప్పుడల్లా ఆ చెయ్యి కూడా లేచి పై పళ్లను కదిలిస్తుంది. దాంతో పై పొర, కింది పొర ఒకే అడుగు వేస్తాయి. పేరుకి తగ్గట్టే నడుస్తుంది.

అయితే మొదట తెప్పించింది నా మిషన్‌కి పట్టలేదు. అమ్మినవాళ్లు "అన్ని మిషన్లకూ సరిపోతుంది" అని రాశారు. నాది ఉషా జానోమ్, ఫుట్ బిగించే కడ్డీ పొట్టిది. వచ్చిన ఫుట్ పొడుగు కడ్డీది. వెనక్కి పంపడానికి మూడు వారాలు పట్టింది. కొనేముందు ఒక్క కొలత చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు. ఫుట్ కిందికి దింపి, కింది ప్లేటు నుంచి ఫుట్ స్క్రూ నడిమి వరకు స్కేలు పెట్టండి. ముప్పావు అంగుళం దరిదాపుల్లో ఉంటే పొట్టి కడ్డీ, అంగుళమో ఆపైనో ఉంటే పొడుగుది. అమ్మ తొక్కుడు మిషన్, ఆ పాత నల్లది, కూడా పొట్టి కడ్డీదే. దానికీ ఇదే ఫుట్ పట్టింది.

రెండోసారి సరైనది వచ్చింది, ఏడు వందల చిల్లర. బిగించాను, కుట్టాను, మళ్లీ ముడతలే! గంటసేపు దారం బిగువు సరిచేసే టెన్షన్ తిప్పి, దారం మార్చి, మిషన్‌ని తిట్టి, చివరికి వంగి చూస్తే ఆ కొక్కెం చెయ్యి స్క్రూ మీద కాకుండా దాని కింద ఉంది. ఫుట్ నడవడం లేదు, ఉత్తినే ఈడ్చుకుపోతోంది. మీ ఫుట్ నుంచి కటకటమని చప్పుడు రాకపోతే ముందు అక్కడే చూడండి. చప్పుడు వస్తుంటే బాగుందనే లెక్క. నాకిప్పుడు ఆ చప్పుడు లేకపోతే అనుమానం వస్తుంది.

ఆరేళ్లలో దీని గుణాలు, అవగుణాలు అన్నీ చూశాను. నెమ్మదిగా కుడితేనే మాట వింటుంది. పెడల్ గట్టిగా తొక్కితే కుట్లు గంతులేస్తాయి. వెనక్కి కుట్టకూడదు, పై పళ్లు ముందుకు నడపడానికే చేసినవి. అందుకని మొదలు, చివర్లలో కుట్టు పొడవు దాదాపు సున్నాకి దించి నాలుగైదు కుట్లు వేస్తాను, అదే ముడి. మిగతా బొంతకు పొడవు 3 పెడతాను. మరీ మందంగా ఉంటే 3.5. ఇంకో సంగతి, ఆ చెయ్యి అదేపనిగా కొట్టుకోవడం వల్ల సూది స్క్రూ వదులవుతుంది. ఒకసారి నడిమధ్యలో సూది ఊడి పడి, ప్లేటుకి తగిలి విరిగింది. అప్పటి నుంచి కింది దారం చుట్టే బాబిన్ మార్చినప్పుడల్లా స్క్రూ కూడా ఓసారి బిగిస్తున్నాను. సూది 14 నంబరు, ఆరు పొరలు దాటితే 16.

ఫుట్‌తో పాటు ఒక వంకర కడ్డీ ఇస్తారు. చాలామంది దాన్ని పెట్టెలోనే వదిలేస్తారు, నేనూ ఏడాది దాకా ముట్టుకోలేదు. దాన్ని వెనక రంధ్రంలో దూర్చి, ముందు కుట్టిన గీత మీద ఆనించుకుంటూ పోతే తర్వాతి గీత అంతే దూరంలో పడుతుంది. సుద్దతో గీతలు గీయక్కర్లేదు.

వాకింగ్ ఫుట్ ఉంది కదా అని టాకాలు, అంటే పొరలు జరక్కుండా ముందే పట్టించుకోవడం, మానేయకండి. నేను మానేసి ఒక బొంత పాడు చేసుకున్నాను. జానెడుకో పిన్నీసు పెట్టి, నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ వెళ్తాను. చుట్టిన బొంత మిషన్ మెడ కింద ఇరుక్కుంటే దానికి ఏ ఫుట్టూ మందు కాదు, ఓపికే.

రెండోది పావు అంగుళం ఫుట్. ముక్కలు అతికి పై పొర చేసేటప్పుడు మాత్రమే పని. చూడ్డానికి చిన్నది, నాకు వందకో నూటయాభైకో వచ్చింది. దీని అంచును గుడ్డ అంచుకి ఆనిస్తే కుట్టు సరిగ్గా పావు అంగుళం లోపల పడుతుంది. కంటి అంచనాతో కుట్టిన రోజుల్లో కుట్టు వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, ఎక్కువ లోపలికి పడేది. వీసమే కదా అనుకుంటాం. కానీ ఒక్కో అతుకులో రెండు పక్కలా పోతుంది కాబట్టి, పన్నెండు ముక్కల వరుసలో పదకొండు అతుకులకి దాదాపు అంగుళంన్నర పోయింది. ఆ వరుస పక్క వరుసతో ఎలా కలుస్తుంది?

మూడోది స్ప్రింగు ఉండే ఫ్రీ మోషన్ ఫుట్. ఇదంటే నాకు ఇష్టమూ ఉంది, కోపమూ ఉంది. కింది పళ్లు దించేస్తాం, గుడ్డని నడిపేది మన రెండు చేతులే. కుట్టు పొడవు కూడా మన చేతి వేగమే. మొదటి నెలంతా ఒక కుట్టు చీమంత, పక్కది గొంగళిపురుగంత. మలుపు దగ్గర చెయ్యి తొందరపడితే కింద వైపు దారం కనురెప్పల వెంట్రుకల్లా బయటికొస్తుంది. పాత దిండు గలేబుల మీద సాధన చేశాను. చివరికి ఆదుకుంది మెలికల ముగ్గు. చెయ్యి ఎత్తకుండా చుక్కల చుట్టూ తిరగడం చిన్నప్పటి నుంచి అలవాటే కదా. తేడా ఏమిటంటే, ఇక్కడ ముగ్గు వేసే చెయ్యి కదలదు, వాకిలే కదులుతుంది. ఆ తిరకాసు బుర్రకెక్కడానికి మరో నెల పట్టింది.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురి దగ్గర ఫాఫ్ కంపెనీ మిషన్ ఉంది. అందులో పై గుడ్డని నడిపే ఏర్పాటు మిషన్‌లోనే కలిపి ఉంటుంది, విడిగా ఫుట్ బిగించే పని లేదు. సెలవులకి వెళ్లినప్పుడు కుట్టి చూశాను. హాయిగా ఉంది, చప్పుడే లేదు. ధర విన్నాక నా కటకటే నయమనిపించింది.

చీరల బొంతలు కుట్టేవాళ్లు ఒక్కటే కొనాలంటే వాకింగ్ ఫుట్ కొనండి. ముక్కల పని ఉంటే పావు అంగుళంది జత చేయండి. మూడోది ముచ్చట ఉంటేనే.

జరీ అంచుల దగ్గర మాత్రం వాకింగ్ ఫుట్ ఓడిపోయింది. అత్తయ్యగారి మంగళగిరి చీర అంచు మీద రెండు సూదులు పోయాయి. ఇప్పుడు అంచుకి అంగుళం ముందే మిషన్ ఆపేస్తున్నాను. ఆ అంగుళం అమ్మ చేత్తో కుడుతుంది.