సగువారో పార్కు: తూర్పు వైపా, పడమర వైపా?

మే మొదట్లో అమ్మను తీసుకుని అమెరికాలోని అరిజోనాలో ఫీనిక్స్ నుంచి టూసాన్ వెళ్ళాం. సగువారో అంటే అక్కడి ఎడారిలో స్తంభంలా పెరిగే పెద్ద కాక్టస్, ముళ్ళ మొక్క. సగువారో నేషనల్ పార్కు ఆ ఊరికి చెరోవైపు రెండు ముక్కలుగా ఉంటుంది. కారుకు 25 డాలర్లు కడితే వారం రోజులు రెండు వైపులా తిరగొచ్చు. లోపల రూములు లేవు, ఊళ్ళోనే దిగాలి. మాకు దొరికిన మోటెల్లో ఏసీ రాత్రంతా పిండిమరలా మోగింది. పొద్దున టిఫిన్ అంటే ఎండిపోయిన బ్రెడ్డు.

తూర్పు వైపు 8 మైళ్ళ తారురోడ్డు. కారు దిగకుండానే అన్నీ కనిపిస్తాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి హాయి. సగువారోలు దట్టంగా ఉన్నది మాత్రం పడమర వైపే. అక్కడ మట్టిరోడ్డు, కుదుపులు తప్పవు. అయినా నా ఓటు దానికే, పక్కనే ఎడారి మొక్కల్నీ జంతువుల్నీ చూపించే డెజర్ట్ మ్యూజియం కూడా ఉంది. దాని టికెట్ వేరు.

"మన అనంతపురంలో చేల గట్ల మీద బొమ్మజెముడు ఉంటుందే, అదే కదరా ఇది!" అంది అమ్మ సగువారోను చూసి. మ్యూజియంలో వలంటీరుగా ఉన్న పెద్దాయన ఆమె చేతికి భూతద్దం ఇచ్చి, ముల్లు మొదట్లో చూడమన్నారు. దూది ఉండలాంటి చిన్న బొడిపె. దాన్ని అరియోల్ అంటారట. ముళ్ళు, పువ్వులు, కొమ్మలు అన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. కాక్టస్ కుటుంబానికి గుర్తు అదే. మన బొమ్మజెముడుకు అది ఉండదు, జంటముళ్ళుంటాయి, గాటు పెడితే పాలు కారతాయి. అది వేరే కుటుంబం. నాగజెముడు మాత్రం అసలైన కాక్టస్, అమెరికా ఖండం నుంచి మన దగ్గరికి వచ్చింది. ఇదంతా చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు.

సగువారో ఒంటి మీద నిలువు మడతలుంటాయి. వాన పడితే హార్మోనియం తిత్తిలా విచ్చుకుని నీళ్ళు దాచుకుంటుంది. మొదటి కొమ్మ రావడానికే 50 నుంచి 75 ఏళ్ళు పడుతుందట. తెల్లటి పువ్వులు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటాయి. అందుకని పొద్దున్నే వెళ్ళండి, ఎండ కూడా తప్పుతుంది.

ఫొటో కోసం దారి పక్కకు ఒక్క అడుగు వేశాను. చోయా అనే కాక్టస్ ముళ్ళ ముద్ద పిక్కకు కరుచుకుంది. చేత్తో లాగితే వేళ్ళకు పట్టుకుంటుంది, దువ్వెనతో తీయాలని ఆ పెద్దాయన ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. అమ్మ బ్యాగులోని దువ్వెన పెట్టి ఒక్క లాగు లాగాం, ఊడొచ్చింది. ఆ దువ్వెనను అమ్మ మళ్ళీ తలకు పెట్టలేదు.