మోకాళ్లు చెప్పిన ఉదయగిరి చరిత్ర

కృష్ణదేవరాయలంతటి వాడు ఈ ఒక్క కోట కోసం ఏడాదిన్నర ఎందుకు పడిగాపులు కాశాడో చదివినప్పుడు అర్థం కాలేదు. ఓ గంట కొండెక్కాక అర్థమైంది.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి 100 కిలోమీటర్లుంటుంది. నెల్లూరులో ఏసీ రూమ్ తీసుకుని తెల్లారి కారులో వద్దామన్నాడు మా బావ. నేను పట్టుబట్టి ముందురోజు రాత్రే ఉదయగిరి చేర్చాను. లాడ్జిలో మంచం, ఫ్యాను, బకెట్టు, అంతే. దుప్పటి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి. కానీ ఆరింటికల్లా కొండ మొదట్లో ఉన్నాం. పది దాటితే ఆ బండల మీద చెయ్యి ఆనించలేం.

మేకలు కాసే ఒక పెద్దాయనకు 600 రూపాయలిచ్చి తోడు తీసుకెళ్లాం. యాత్ర మొత్తంలో సార్థకమైన ఖర్చు అదే. కొన్నిచోట్ల పాత మెట్లు, ఆపైన ముళ్లకంపలు, జారే గులకరాళ్లు. మేం ఉత్సాహంగా ముందుకు దూసుకుపోతుంటే, "అటు కాదు నాయనా, అది మేకల దారి" అని రెండుసార్లు వెనక్కి పిలిచాడు.

1513లో ముట్టడి మొదలైనప్పుడు కోట ఒడిశాను ఏలిన గజపతి రాజుల చేతిలో ఉంది. పైకి ఒక్కొక్కరే వెళ్లగలిగినంత ఇరుకు దారి ఉండేదనీ, రాయలు బండలు పగలగొట్టించి దాన్ని వెడల్పు చేయించాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కాస్త పెంచి రాశాడేమో అనుకునేవాణ్ని. ఇప్పుడు అనుకోను. 1514లో కోట లొంగాక ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే కొండెక్కినా స్వామి దొరకడు!

పైన కూలిన బురుజులు, గోడలు, గోల్కొండ ఏలుబడి నాటి మసీదు. దారి చూపే బోర్డు ఒక్కటీ కనబడలేదు, అది మాత్రం కోపం తెప్పించింది. తాగునీరు కూడా దొరకలేదు. ఇద్దరికి నాలుగు లీటర్లు తీసుకెళితే దిగేటప్పటికి గుక్కెడు మిగిలింది. దిగడమే కష్టం, బావ రెండుసార్లు కూలబడ్డాడు.

పెద్దవాళ్లు వెంట ఉంటే భైరవకోనకు వెళ్లండి. కొండను తొలిచిన ఎనిమిది గుళ్లు, పక్కనే జలపాతం, ఇంత ఆయాసం ఉండదు.

ఉదయగిరి చెక్క గరిటెలు మాత్రం వదలకండి. నేను అరడజను కొన్నాను. బావ ఒకటి కొని, బేరం ఆడే ఓపిక కూడా లేక అడిగినంతా ఇచ్చేశాడు.